అమెరికా ప్రెసిడెంట్ అభ్యర్థి చివర్లో తప్పుకుంటే బ్యాలెట్ మీద పేరు మారుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

2024 జులై 21, ఆదివారం. ఇక్కడ నార్త్ కరోలినాలో మధ్యాహ్నం రెండు కావొస్తోంది. పోటీ నుంచి తప్పుకుంటున్నానని జో బైడెన్ ఎక్స్‌లో లెటర్ పెట్టిన కాసేపటికే ఇండియా నుంచి మా పెదనాన్న ఫోన్. అక్కడ రాత్రి పదకొండు దాటింది. ముప్పై ఏళ్లు టీచరుగా ఎలక్షన్ డ్యూటీలు చేసిన మనిషి కదా, ఆయన అడిగింది ట్రంప్ గురించీ కాదు, కమలా హారిస్ గురించీ కాదు. "ఒరేయ్, అయితే బ్యాలెట్ పేపర్లన్నీ మళ్లీ కొట్టించాల్సిందేనా?"

ఆ తర్వాత ఇదే డౌట్ రకరకాల రూపాల్లో చాలామంది అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. దేనికది పూర్తిగానే ఉంటుంది కాబట్టి ఏది కావాలంటే అది చదువుకోండి. ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకోండి: అభ్యర్థిని ఎంచుకునేది పార్టీ, పేరు అచ్చువేసేది రాష్ట్రం. గందరగోళమంతా ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే.

## తప్పుకుంటున్నానని చెప్పినప్పుడు

బ్యాలెట్ మీద బైడెన్ పేరు కొట్టేసి కమల పేరు వేశారు కదా, దానికి ఎవరు ఒప్పుకున్నారు?

నవంబరు బ్యాలెట్ మీద బైడెన్ పేరు ఎప్పుడూ లేదు, కొట్టేయడానికి. ఆయన పార్టీ డెమోక్రాట్ల కన్వెన్షన్, అంటే అభ్యర్థిని అధికారికంగా ఖరారు చేసే మహాసభ, చికాగోలో ఆగస్టు 19 నుంచి 22 వరకు. ఆయన దానికి నాలుగు వారాల ముందే తప్పుకున్నారు. అప్పటికి ఆయన ప్రైమరీలు (పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి రాష్ట్రాల్లో జరిగే ఎన్నికలు) గెలిచిన మనిషే తప్ప అధికారిక అభ్యర్థి కాదు. పార్టీ ఇంకా ఏ రాష్ట్రానికీ "మా అభ్యర్థి ఫలానా" అని కాగితం పంపలేదు. శుభలేఖలు అచ్చుకి ఇవ్వకముందే సంబంధం మారినట్టు అనుకోండి. చూసినవాళ్లకి పెద్ద గొడవే, ప్రెస్ వాడికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ప్రైమరీల్లో జనం బైడెన్‌కి ఓటేశారు. ఆ ఓట్లన్నీ ఏమైపోయినట్టు?

ప్రైమరీలో వేసే ఓటు ఆఖరికి డెలిగేట్లుగా, అంటే పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులుగా మారుతుంది. బైడెన్ 3,900కి దగ్గరగా డెలిగేట్లను గెలిచారు. ఆయన తప్పుకోగానే వాళ్లకి ఆయన పేరుతో ఉన్న కట్టుబాటు పోయింది. ఇష్టమైనవాళ్లకి ఓటేయవచ్చు. ఆయన హారిస్‌ను సమర్థించారు నిజమే, కానీ అది సలహా మాత్రమే. డెలిగేట్లను ఒకరి నుంచి ఇంకొకరికి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా ట్రాన్స్‌ఫర్ చేసే వీలు లేదు.

ఓటర్లకి ఇందులో కొంత అన్యాయం జరిగిందనే వాదనను నేను కొట్టిపారేయను. కాకపోతే రూల్ ప్రకారం డెలిగేట్లు ఉన్నదే ఇలాంటి రోజు కోసం.

హారిస్ వైస్ ప్రెసిడెంట్ కాబట్టి టికెట్ ఆటోమేటిగ్గా ఆమెకే వచ్చిందా?

రాలేదు. ప్రెసిడెంట్ చనిపోతేనో, రాజీనామా చేస్తేనో పదవి వైస్ ప్రెసిడెంట్‌కి వెళ్తుందని రాజ్యాంగం చెబుతుంది. పార్టీ టికెట్‌కి ఆ రూల్ వర్తించదు.

హారిస్ విడిగా పోటీకి నిలబడాల్సి వచ్చింది. పోటీలోకి రావాలంటే కనీసం 300 మంది డెలిగేట్ల సంతకాలు కావాలని, ఒకే రాష్ట్రం నుంచి 50కి మించి లెక్కపెట్టమని పార్టీ రూల్ పెట్టింది. జులై 30 గడువులోగా ఆ సంతకాలు తెచ్చింది ఆమె ఒక్కరే. ఆగస్టు 1 నుంచి 5 వరకు ఆన్‌లైన్లో ఓటింగ్ జరిగింది. 4,567 మంది ఆమెకు ఓటేశారు, అంటే 99 శాతం. కాబట్టి పోటీ లేకుండా గెలిచారనడం కరెక్టే, ఎన్నిక లేకుండా వచ్చారనడం మాత్రం తప్పు.

పోటీ నుంచి తప్పుకుంటే పదవికీ రాజీనామా చేయాలా?

అక్కర్లేదు. బైడెన్ 2025 జనవరి 20 దాకా ప్రెసిడెంట్‌గానే ఉన్నారు. 1968 మార్చి 31న లిండన్ జాన్సన్ కూడా మళ్లీ పోటీ చేయనని టీవీలో చెప్పి, మిగిలిన టర్మ్ పూర్తి చేసే వెళ్లారు.

బైడెన్ కోసం ఇచ్చిన విరాళాలు హారిస్ వాడుకోవచ్చా? హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇవ్వొచ్చా?

బైడెన్, హారిస్ ఇద్దరి పేర్లూ ఒకే ప్రచార కమిటీ కింద రిజిస్టర్ అయి ఉన్నాయి. జూన్ చివరికి ఆ కమిటీ ఖాతాలో సుమారు 9 కోట్ల 60 లక్షల డాలర్లు ఉన్నాయి. జులై 21నే కమిటీ పేరు మారుస్తూ ఎన్నికల నిధుల కమిషన్‌కి కాగితాలు వెళ్లిపోయాయి. ఇది చెల్లదని ట్రంప్ ప్రచార బృందం ఫిర్యాదు చేసింది కానీ డబ్బు ఆగలేదు. హారిస్ కాకుండా ఏ గవర్నరో అభ్యర్థి అయి ఉంటే ఇంత తేలిగ్గా అయ్యేది కాదు. ఒక అభ్యర్థి కమిటీ ఇంకో అభ్యర్థి కమిటీకి నేరుగా ఇవ్వగలిగేది ఎన్నికకి 2,000 డాలర్లే.

హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు విరాళం ఇవ్వకూడదు, చట్టవిరుద్ధం. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు, ఓటు మాత్రం ఉండదు. ఫ్రెండ్ కార్డు మీద మన డబ్బులు కట్టించడం ఇంకా పెద్ద తప్పు.

## పార్టీ పేరు ఖరారు చేశాక

కన్వెన్షన్ అయిపోయాక అభ్యర్థి తప్పుకుంటే కొత్తవాళ్లను ఎవరు పెడతారు?

పార్టీ జాతీయ కమిటీ. మళ్లీ ప్రైమరీలు ఉండవు. రిపబ్లికన్ల కమిటీలో 168 మంది ఉంటారు, రాష్ట్రాలకీ ఇతర ప్రాంతాలకీ తలా ముగ్గురు. ఖాళీ వస్తే వాళ్లే ఓటేయాలి, లేదా కన్వెన్షన్‌ను మళ్లీ పిలవాలి. ఓటేస్తే మాత్రం ఒక్కో రాష్ట్రానికి కన్వెన్షన్లో ఎన్ని ఓట్లున్నాయో అన్నే లెక్కకొస్తాయి. డెమోక్రాట్ల కమిటీ ఇంకా పెద్దది. వాళ్ల చైర్మన్ ముందు కాంగ్రెస్‌లోని పార్టీ నాయకులతో, పార్టీ గవర్నర్లతో మాట్లాడాలి, ఆ తర్వాత కమిటీ ఓటు.

ప్రెసిడెంట్ అభ్యర్థి విషయంలో రెండు పార్టీలకీ ఈ రూల్ వాడే అవసరం ఇంతవరకు రాలేదు.

వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థి తప్పుకున్న సందర్భం ఉందా?

ఉంది, 1972లో. డెమోక్రాట్ జార్జ్ మెక్‌గవర్న్ తన జోడీగా మిస్సోరి సెనేటర్ థామస్ ఈగిల్టన్‌ను ఎంచుకున్నారు. డిప్రెషన్‌కి ఈగిల్టన్ గతంలో హాస్పిటల్లో చేరి షాక్ ట్రీట్‌మెంట్ తీసుకున్నారని కొద్ది రోజుల్లోనే బయటపడింది. మెక్‌గవర్న్ మొదట ఆయన వెంటే ఉంటానని గట్టిగా చెప్పి, తర్వాత మాట మార్చుకున్నారు. జులై 31న ఈగిల్టన్ తప్పుకున్నారు. ఆగస్టు 8న జాతీయ కమిటీ సమావేశమై సార్జెంట్ ష్రైవర్‌ను ఎన్నుకుంది. అప్పటికి ఆగస్టు రెండో వారమే కాబట్టి బ్యాలెట్ల సమస్య రాలేదు. ఓట్ల సమస్య మాత్రం చాలానే వచ్చింది, నవంబరులో మెక్‌గవర్న్ గెలిచిన రాష్ట్రం ఒక్కటే.

2024లో ఒహాయో పేరు అన్నిసార్లు ఎందుకు వినిపించింది?

ఒహాయో చట్టం ప్రకారం ఎన్నికకి 90 రోజుల ముందు, అంటే ఆగస్టు 7 లోపు, పార్టీలు అభ్యర్థి పేరు ఇవ్వాలి. డెమోక్రాట్ల కన్వెన్షన్ ఆగస్టు 19న మొదలు. గడువుకి కన్వెన్షన్ అందదు. రాష్ట్ర అసెంబ్లీ ప్రత్యేకంగా కూర్చుని గడువు పొడిగించింది కానీ, ఆ చట్టం అమల్లోకి వచ్చేది ఆగస్టు నెలాఖరుకి. ఈలోగా ఎవరైనా కోర్టుకి వెళ్తే ఎలా అని డెమోక్రాట్లకి టెన్షన్. అందుకే కన్వెన్షన్‌తో పని లేకుండా ఆన్‌లైన్లో ముందే ఓటింగ్ పూర్తి చేశారు. బైడెన్ తప్పుకోకముందే వేసుకున్న ప్లాన్ ఇది. తీరా పనికొచ్చింది హారిస్‌కి.

## బ్యాలెట్లు అచ్చుకి వెళ్లాక

పేరు మార్చడానికి ఆఖరి తేదీ ఏది?

దేశమంతటికీ ఒకే తేదీ లేదు. మన ఎన్నికల సంఘం లాంటి సంస్థ అక్కడ లేదు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం, బ్యాలెట్లు అచ్చు వేయించేది చాలాచోట్ల కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులు.

దేశమంతా తప్పనిసరిగా పాటించే తేదీ ఒకటుంది. సైన్యంలో ఉన్నవాళ్లకీ విదేశాల్లో ఉన్నవాళ్లకీ ఎన్నికకి 45 రోజుల ముందే బ్యాలెట్లు పంపాలని కేంద్ర చట్టం. 2024లో అది సెప్టెంబరు 21. అందుకని చట్టంలో ఏ తేదీ రాసి ఉన్నా, సెప్టెంబరు మొదటి వారాలు దాటాక పేరు మార్చడం ఆచరణలో చాలా కష్టం.

కెనెడీ తప్పుకున్నాక కూడా కొన్ని రాష్ట్రాల్లో ఆయన పేరు ఎందుకు ఉంది?

రెండు పెద్ద పార్టీలకీ బయట ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తున్న రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్ 2024 ఆగస్టు 23న అరిజోనాలోని ఫీనిక్స్‌లో ప్రచారం ఆపేసి ట్రంప్‌కి మద్దతు పలికారు. గట్టి పోటీ ఉన్న రాష్ట్రాల్లో తన పేరు తీసేయమన్నారు. మరోపక్క న్యూయార్క్‌లో అడ్రస్ గొడవ మీద తన పేరు తీసేస్తే, ఉంచాల్సిందేనని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రెండు పక్కలా వాదించడం జడ్జీలకి పెద్దగా నచ్చినట్టు లేదు.

మిషిగన్లో ఆయన ఒక చిన్న పార్టీ అభ్యర్థి. అలాంటివాళ్లు వెనక్కి తగ్గడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. విస్కాన్సిన్లో ఇంకా కఠినం, నామినేషన్ వేసి అర్హత పొందాక చనిపోతే తప్ప పేరు తీయరు. రెండు రాష్ట్రాల సుప్రీంకోర్టులూ ఉంచాలనే అన్నాయి. అక్టోబరు 29న అమెరికా సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. పోటీలో లేని మనిషికి మిషిగన్లో 26 వేలకు పైగా, విస్కాన్సిన్లో 17 వేలకు పైగా ఓట్లు పడ్డాయి.

కెనెడీ పేరు మీద స్టిక్కర్ అంటిస్తే సరిపోయేది కదా?

నవ్వకండి, విస్కాన్సిన్లో ఆయన లాయర్లు నిజంగానే అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. ఎన్నికల సిబ్బంది చెప్పింది సింపుల్: బ్యాలెట్‌ను చదివేది మెషీన్. స్టిక్కర్ ఉన్న కాగితం అందులో ఇరుక్కోవచ్చు, లెక్క తప్పు రావచ్చు. ఇంట్లో ప్రింటర్లో ఒక మడత కాగితం ఇరుక్కుంటేనే మనకి అరగంట పని. పోలింగ్ రోజు సంగతి చెప్పక్కర్లేదు.

అచ్చయిపోయిన బ్యాలెట్లు మళ్లీ కొట్టించిన సందర్భం ఉందా?

ఉంది, అది మా రాష్ట్రమే. నార్త్ కరోలినాలో పోస్టల్ బ్యాలెట్లు 2024 సెప్టెంబరు 6న బయల్దేరాలి. దేశంలో అందరికన్నా ముందు ఇక్కడే. అప్పటికి కెనెడీ పేరుతో 29 లక్షలకు పైగా బ్యాలెట్లు అచ్చయి కౌంటీ ఆఫీసుల్లో సిద్ధంగా ఉన్నాయి. సరిగ్గా ఆ రోజే అప్పీల్ కోర్టు ఆపమంది. సెప్టెంబరు 9న రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తేడాతో ఆయన పేరు తీసేయమంది.

ఒక గీత కొట్టేస్తే అయిపోయే పని కాదిది. రాష్ట్రం మొత్తానికి ఒకే బ్యాలెట్ ఉండదు. ప్రెసిడెంట్ పేర్లు అందరికీ ఒకటే అయినా, కింద గవర్నరు, జడ్జి, కౌంటీ కమిషనరు, స్కూల్ బోర్డు దాకా అదే కాగితం మీద ఉంటాయి. వీధి మారితే జాబితా మారొచ్చు. అలా రాష్ట్రంలో 2,348 రకాల బ్యాలెట్లున్నాయి. ప్రతి రకాన్నీ మళ్లీ డిజైన్ చేసి, ప్రూఫ్ చదివి, ప్రెస్‌కి పంపి, కవర్లలో పెట్టాలి. సైన్యానికీ విదేశాల్లో ఉన్నవాళ్లకీ సెప్టెంబరు 20న, కేంద్ర గడువుకి ఒక్క రోజు ముందు పంపారు. మిగతావాళ్లకి 24న. పాత బ్యాలెట్లన్నీ వృథా.

మా పెదనాన్నకి ఈ సంగతి చెబితే "చూశావా, నేను అప్పుడే అన్నాను" అన్నాడు. అన్నది బైడెన్ గురించి, జరిగింది కెనెడీకి. అయినా క్రెడిట్ ఇచ్చేశాను.

నేను పోస్టులో ఓటు వేసేశాక అభ్యర్థి మారితే మళ్లీ వేయొచ్చా?

మీ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మిషిగన్, మిన్నెసోటా లాంటి కొన్నిచోట్ల ఒక గడువులోగా అడిగితే పాత బ్యాలెట్ రద్దు చేసి కొత్తది ఇస్తారు. నార్త్ కరోలినాలో అయితే బ్యాలెట్ తిరిగి పంపారంటే అంతే, మార్చుకోలేరు. బ్యాలెట్ ఇంకా ఇంట్లోనే ఉంటే మాత్రం కంగారు పడక్కర్లేదు, పోలింగ్ కేంద్రానికి వెళ్లి వేయొచ్చు.

బ్యాలెట్ మీద పాత పేరే ఉండిపోతే నా ఓటు వృథానా?

ప్రెసిడెంట్ ఎన్నికలో చాలావరకు కాదు. కాగితం మీద పేరు అభ్యర్థిదే అయినా, మీరు నిజంగా ఎన్నుకునేది ఆ పార్టీ తరఫు ఎలెక్టర్లను, అంటే ప్రెసిడెంట్‌ను ఎన్నుకోవడానికి ఓటేసే ప్రతినిధులను. దేశమంతటా 538 మంది ఉంటారు, 270 వస్తే గెలుపు. పార్టీ కొత్త పేరు ప్రకటిస్తే వాళ్లు డిసెంబరులో ఆ పేరుకి ఓటేయవచ్చు. అయితే కొన్ని రాష్ట్రాల్లో బ్యాలెట్ మీదున్న పేరుకే వేయాలని చట్టాలున్నాయి, అక్కడ కోర్టు గొడవ ఖాయం.

సెనేట్ లాంటి వాటిలో మధ్యలో ఎలెక్టర్లు ఉండరు కాబట్టి లెక్క వేరు. 2002 అక్టోబరు 25న మిన్నెసోటా సెనేటర్ పాల్ వెల్‌స్టోన్ విమాన ప్రమాదంలో చనిపోయారు, పోలింగ్‌కి పదకొండు రోజులే ఉంది. వాల్టర్ మాండేల్‌ను నిలబెట్టి, సెనేట్ ఒక్కదానికీ వేరే కాగితం ఇచ్చారు. అప్పటికే పోస్టులో వెల్‌స్టోన్‌కి పడ్డ ఓట్లు మాండేల్ ఖాతాలోకి రాలేదు. మాండేల్ ఓడిపోయారు.

## పోలింగ్ అయ్యాక

గెలిచిన అభ్యర్థి ప్రమాణం చేయకముందే చనిపోతే?

ఎప్పుడు చనిపోయారన్నదే ముఖ్యం. నవంబరు పోలింగ్‌కీ డిసెంబరులో ఎలెక్టర్ల ఓటుకీ మధ్య అయితే పార్టీ ఇంకో పేరు చెబుతుంది, ఎలెక్టర్లు దాని ప్రకారం నడుస్తారని అంచనా. ఎలెక్టర్లు ఇచ్చిన మాట మీద నిలబడేలా రాష్ట్రాలు కట్టడి చేయవచ్చని 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అందులోనే చనిపోయిన అభ్యర్థికే ఓటేయమని బలవంతపెట్టడానికి దీన్ని వాడుకోవద్దని ఒక ఫుట్‌నోట్ పెట్టింది. ప్రెసిడెంట్‌గా ఎన్నికై, జనవరి 20కి ముందు చనిపోతే ఇక ఏ డౌటూ లేదు. 20వ సవరణ ప్రకారం వైస్ ప్రెసిడెంట్‌గా ఎన్నికైన వ్యక్తే ప్రెసిడెంట్.

అలా నిజంగా ఎప్పుడైనా జరిగిందా?

గెలిచినవాళ్లకి జరగలేదు, ఓడినవాళ్లకి జరిగింది. 1872లో యులిసిస్ గ్రాంట్ మీద ఓడిన హొరేస్ గ్రీలీ నవంబరు 29న, ఎలెక్టర్లు ఓటేయకముందే చనిపోయారు. ఆయన ఎలెక్టర్లు 66 మంది. వాళ్లలో 63 మంది తలో దారిన వేర్వేరు పేర్లకి వేశారు. జార్జియాకి చెందిన ముగ్గురు మాత్రం గ్రీలీకే వేశారు. ఆ మూడూ లెక్కపెట్టడానికి కాంగ్రెస్ ఒప్పుకోలేదు.

1912లో వైస్ ప్రెసిడెంట్ జేమ్స్ షెర్మన్ పోలింగ్‌కి ఆరు రోజుల ముందు, అక్టోబరు 30న కన్నుమూశారు. పేరు మార్చే టైమే లేదు. చనిపోయిన మనిషి పేరు ఉన్న బ్యాలెట్ల మీదే జనం ఓటేశారు. మళ్లీ పోటీ చేసిన ప్రెసిడెంట్ టాఫ్ట్, షెర్మన్ల జోడీకి వచ్చినవే 8 ఎలెక్టోరల్ ఓట్లు. షెర్మన్‌కి రావాల్సిన ఆ ఎనిమిదినీ పార్టీ సూచించిన నికొలస్ ముర్రే బట్లర్‌కి వేశారు.

## మన దగ్గర అయితే

ఇండియాలో అభ్యర్థి చివర్లో తప్పుకుంటే పార్టీ ఇంకొకరిని పెట్టుకోవచ్చా?

ఉపసంహరణ గడువు మధ్యాహ్నం మూడింటికి ముగిశాక ఎవరూ తప్పుకోలేరు. "నేను పోటీలో లేను" అని ప్రెస్‌మీట్ పెట్టినా పేరు ఈవీఎం మీద ఉంటుంది. గడువు లోపల తప్పుకుంటే డమ్మీ పనికొస్తాడు. మనవాళ్లు భార్యతోనో కొడుకుతోనో ఇంకో సెట్ నామినేషన్ వేయించడం చూస్తుంటాం కదా, ఫలానావాళ్లు మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ-ఫారంలోనే ప్రత్యామ్నాయ అభ్యర్థి పేరు రాసే చోటు ఉంటుంది.

డమ్మీ ఉన్నంత మాత్రాన ధీమా లేదు. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి చివరి రోజున నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. డమ్మీగా వేసిన నాయకుడి నామినేషన్ స్క్రూటినీలోనే పోయింది, కోర్టులోనూ ఊరట దొరకలేదు. కాంగ్రెస్ నోటాకి వేయమని ప్రచారం చేసింది. నోటాకి 2,18,674 ఓట్లు పడ్డాయి.

రాష్ట్రపతి ఎన్నికలో అభ్యర్థి చనిపోతే?

నామినేషన్ చెల్లిన అభ్యర్థి పోలింగ్‌కి ముందు చనిపోతే ఆ పోలింగ్ రద్దు. ప్రక్రియ మళ్లీ మొదటి నుంచి.

ఎమ్మెల్యే అభ్యర్థి చనిపోయినా ఎన్నిక జరిగింది, గెలిచారు కూడా అంటారు. నిజమేనా?

నిజమే. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శోభా నాగిరెడ్డి ప్రచారం ముగించుకుని వస్తూ రోడ్డు ప్రమాదానికి గురై, 24న చనిపోయారు. ఉపసంహరణ గడువు అయిపోయింది, మే 7న పోలింగ్. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతే పోలింగ్ వాయిదా వేసి, పార్టీకి కొత్త పేరు ఇచ్చే అవకాశం ఇవ్వాలని చట్టం. ఆ పార్టీ అప్పటికి రిజిస్టర్ అయిందే తప్ప గుర్తింపు పొందలేదు. కాబట్టి వాయిదా లేదు, పేరు మార్పూ లేదు.

ఓటరు లోపలికి వెళ్తే ఈవీఎం మీద ఆమె పేరు, పక్కనే ఫ్యాను గుర్తు. సుమారు 18 వేల మెజారిటీతో ఆమె గెలిచినట్టు ప్రకటించి, ఆ సీటు ఖాళీ అయినట్టు చూపించారు. ఆ ఏడాదే జరిగిన ఉప ఎన్నికలో ఆమె కూతురు అఖిలప్రియ పోటీ లేకుండా ఎన్నికయ్యారు.